న్యూరాన్లే పుట్టకముందు న్యూరోపెప్టైడ్లకి పనేంటి? చిట్టెలుక పిండంలో మెదడు మొదలయ్యే రోజులు

క్లుప్తంగా: న్యూరోపెప్టైడ్లు అంటే న్యూరాన్లు ఒకదాని నుంచి ఇంకోదానికి కబురు పంపడానికి వాడే చిన్న ప్రొటీన్ ముక్కలు అని పుస్తకాల్లో చదువుకుంటాం, కానీ చిట్టెలుక పిండంలో మెదడు ఇంకా ఒక సన్నటి గొట్టంలా ఉన్న 9వ, 10వ రోజుల్లోనే ఇవి పని చేస్తుంటాయి. వీఐపీ అనే పెప్టైడ్ మెదడు మూలకణాలు త్వరత్వరగా డివైడ్ అయ్యేలా చేస్తుంది, అదే ఫ్యామిలీకి చెందిన పాక్యాప్ చాలా చోట్ల వాటిని ఆపుతుంది. పైగా ఆ తొలి రోజుల్లో అందే వీఐపీ ఎక్కువగా తల్లి నుంచి వచ్చేదే, పిండం తయారుచేసుకున్నది కాదు. ఈ ఒక్క సంగతి పట్టించుకోకపోతే ఈ రంగంలో సగం ప్రయోగాలు ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి.

పేరు వల్ల వచ్చిన కన్‌ఫ్యూజన్

ఈ పెప్టైడ్లలో చాలావాటికి పేర్లు అవి మొదట ఎక్కడ దొరికాయో, అప్పుడు ఏం చేస్తూ కనిపించాయో దాన్ని బట్టి వచ్చినవే. వీఐపీ పూర్తి పేరు వాసోయాక్టివ్ ఇంటెస్టైనల్ పెప్టైడ్, 1970లో సమీ సయీద్, విక్టర్ మట్ పంది చిన్నపేగు నుంచి వేరు చేశారు, రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది కాబట్టి ఆ పేరు పెట్టారు, తర్వాత చూస్తే మెదడంతా అదే ఉంది. పాక్యాప్ (పిట్యూటరీ అడినైలేట్ సైక్లేజ్ యాక్టివేటింగ్ పాలీపెప్టైడ్) సంగతీ అంతే, 1989లో గొర్రె మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ నుంచి తీశారు, పిట్యూటరీ కణాల్లో అడినైలేట్ సైక్లేజ్ అనే ఎంజైమ్‌ని లేపుతుంది కాబట్టి పేరులో పిట్యూటరీ చేరింది, కానీ దాని పని అక్కడితో ఆగిపోలేదు. వీఐపీలో 28 అమైనో ఆమ్లాలు ఉంటాయి, పాక్యాప్ రెండు సైజుల్లో దొరుకుతుంది, ఒకదాంట్లో 38, ఇంకోదాంట్లో 27, ఆ చిన్న రూపాన్ని వీఐపీ పక్కన పెట్టి పోలిస్తే దాదాపు 68 శాతం ఒకేలా ఉంటుంది. అందుకే ఒకదాని రిసెప్టర్ మీద, అంటే కణం మీద ఉండి ఆ పెప్టైడ్‌ని పట్టుకునే ప్రొటీన్ మీద, ఇంకోటి కూడా పని చేయగలుగుతుంది, ఇది తర్వాత చాలా అవసరమయ్యే పాయింట్.

ఇంకో విషయం, ఇవి జీన్ నుంచి నేరుగా ఇదే సైజులో తయారవ్వవు. ముందు ఒక పొడుగు ప్రొటీన్ వస్తుంది, దాన్ని కత్తిరించే ఎంజైమ్‌లు తగిన చోట్ల కోస్తాయి, చివరికి పామ్ అనే ఇంకో ఎంజైమ్ ఆ ముక్క తోక దగ్గర ఒక అమైడ్ గుంపు తగిలిస్తుంది, దానికి రాగి అవసరం. వీఐపీకీ పాక్యాప్‌కీ ఇద్దరికీ ఈ తోక ఉంటుంది. పామ్ జీన్ పూర్తిగా తీసేసిన చిట్టెలుక పిండాలు 14.5 నుంచి 15.5 రోజుల మధ్య ఒంట్లో నీరు చేరి, రక్తనాళాల గోడలు సన్నబడి చనిపోతాయి. అమైడ్ తోక ఉండే పెప్టైడ్లు పుట్టకముందే ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది, అయితే ఇక్కడ ఒకేసారి చాలా పెప్టైడ్లు పోతున్నాయి కాబట్టి ఏది పోయినందుకు ఏం జరిగిందో దీంతో విడదీయలేం.

చిట్టెలుక క్యాలెండర్

చిట్టెలుక గర్భం మొత్తం 19 నుంచి 21 రోజులు. 7.5వ రోజుకి పిండం వీపు వైపు నాడీ ఫలకం కనిపిస్తుంది, అది మడతపడి 8.5వ రోజు నుంచి మూసుకుంటూ వస్తుంది, దాదాపు 10వ రోజుకి గొట్టం, అంటే న్యూరల్ ట్యూబ్, పూర్తిగా మూసుకుపోతుంది. ఆ గొట్టం గోడలో ఉండేవన్నీ న్యూరోఎపిథీలియం కణాలు, అంటే ఇంకా న్యూరాన్లు కానివి, డివైడ్ అవ్వడమే పనిగా పెట్టుకున్నవి. మెదడు పైపొర అంటే కార్టెక్స్‌కి కావాల్సిన న్యూరాన్లు సుమారు 11వ రోజు నుంచి 17వ రోజు దాకా పుడతాయి. ఆ ఆరు రోజుల్లో మూలకణాలు 11 సార్లు డివైడ్ అవుతాయని, మొదట్లో ఒక్కో సైకిల్‌కి దాదాపు 8 గంటలు పడితే చివరికొచ్చేసరికి 18 గంటలు పడుతుందని 1990ల్లో కొలిచి చెప్పారు.

ఇక్కడ టైమ్‌కి ఎందుకంత విలువంటే ఇది చక్రవడ్డీ లెక్క. ఒక కణం 8 గంటలకోసారి డివైడ్ అయితే రెండు రోజుల్లో 64 కణాలు అవుతాయి, అదే 12 గంటలు పడితే 16 దగ్గరే ఆగిపోతుంది, అంటే సైకిల్‌లో నాలుగు గంటల తేడా రెండు రోజుల్లోనే నాలుగింతల తేడా అయింది. నిజం పిండంలో అన్ని కణాలూ డివైడ్ అవుతూనే ఉండవు, కొన్ని బయటికెళ్ళి న్యూరాన్లు అవుతాయి, కాబట్టి తేడా ఇంత శుభ్రంగా రాదు. కానీ తొలి రెండు మూడు రోజుల్లో జరిగిన ఆలస్యాన్ని తర్వాత పూడ్చుకోవడం ఎందుకు కష్టమో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

9 నుంచి 11 రోజులు: వీఐపీని ఆపితే ఏమైంది

1993లో పియర్ గ్రెసెన్స్, జోవానా హిల్, ఇలానా గోజెస్, డగ్లస్ బ్రెన్నెమన్ వాళ్ళ టీమ్ ఒక ప్రయోగం చేసింది. 9.5వ రోజు చిట్టెలుక పిండాల్ని తల్లి కడుపులోంచి తీసి, పూర్తి పిండాన్ని అలాగే సీరమ్‌లో, తిరుగుతూ ఉండే సీసాల్లో పెంచడం అనే పద్ధతి అప్పటికే ఉంది, ఆ సీసాల్లో వీఐపీ కలిపితే నాలుగు గంటల్లోనే పిండాలు మామూలు కన్నా ఎక్కువ ఎదిగాయి, వెన్ను పక్కన వరసగా వచ్చే సోమైట్లు అనే దిమ్మల సంఖ్య పెరిగింది, డీఎన్‌ఏ, ప్రొటీన్ కూడా పెరిగాయి. ఇది గొప్ప ఫలితమే కానీ, బయట నుంచి పోస్తే పెరిగింది అన్నంత మాత్రాన కడుపులో కూడా అదే పని చేస్తోందని చెప్పలేం కదా.

అందుకని 1994లో రెండో వైపు నుంచి వచ్చారు. కడుపుతో ఉన్న చిట్టెలుకలకి 9వ రోజు నుంచి 11వ రోజు దాకా వీఐపీని అడ్డుకునే మందు ఇచ్చారు, పుట్టే ముందు చూస్తే పిల్లల మెదడు బాగా చిన్నగా ఉంది, డీఎన్‌ఏ, ప్రొటీన్ కూడా తగ్గాయి. ముఖ్యంగా శరీరం తగ్గిన దానికన్నా మెదడు తగ్గింది ఎక్కువ, అంటే పిల్ల మొత్తంగా బలహీనంగా ఉండి తల కూడా చిన్నగా ఉండటం కాదిది, మెదడుకి తగిలిన ప్రత్యేకమైన దెబ్బ. అడ్డుకునే మందుతో పాటే వీఐపీ కూడా ఇస్తే ఆ దెబ్బ తగల్లేదు. ఈ మూడు సంగతులు కలిపి చూస్తే, అంటే పోస్తే పెరగడం, ఆపితే తగ్గడం, మళ్ళీ ఇస్తే నిలబడటం, అప్పుడే ఒక మాలిక్యూల్‌కి నిజంగా ఆ పని ఉందని నమ్మకంగా అనగలం. ఆ మందు ప్రభావం ఎక్కడ పడిందని వెతికితే న్యూరోఎపిథీలియంలోనే కనిపించింది.

ఆ వీఐపీ ఎవరిది?

ఈ సబ్జెక్ట్‌లో అన్నిటికన్నా ఆలోచింపజేసే భాగం ఇదే. 9వ రోజు పిండంలో వీఐపీని పట్టుకునే రిసెప్టర్లు ఉన్నాయి, కానీ వీఐపీ తయారీ ఎక్కడా సరిగ్గా కనిపించలేదు. పెద్ద ఎలుకల్లో వెతికితే, అంటే ర్యాట్లలో, పిండం నాడీ వ్యవస్థలో వీఐపీ జీన్ పని చేస్తున్న ఆనవాళ్ళు గర్భం చివరి మూడో వంతులోనే దొరికాయి. మరి రిసెప్టర్‌కి అందేది ఎక్కడి నుంచి? 1996లో దీనికి జవాబు వచ్చింది, తల్లి ర్యాట్ రక్తంలో వీఐపీ 10 నుంచి 12 రోజుల మధ్య బాగా ఎక్కువగా ఉంది, గర్భం చివరి భాగంతో పోలిస్తే 6 నుంచి 10 రెట్లు. కడుపుతో ఉన్న చిట్టెలుక రక్తనాళంలోకి రేడియోధార్మిక గుర్తు తగిలించిన వీఐపీ ఎక్కిస్తే అది 10వ రోజు పిండం లోపల దొరికింది. 1999లో ఇంకొంచెం ముందుకెళ్ళి, గర్భసంచి లోపలి పొరలో, పిండం అతుక్కున్న చోట చేరే తల్లి టీ సెల్స్ కూడా ఒక వనరు అని చూపించారు.

అంటే తల్లి ఇమ్యూన్ కణాలు చేసే ఒక పెప్టైడ్ పిల్ల మెదడు మూలకణాల స్పీడ్‌ని మారుస్తోందన్నమాట. తల్లి ఒంట్లో ఏదైనా మారితే, ఇన్ఫెక్షన్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, అది పిల్ల మెదడు దాకా వెళ్ళగల దారుల్లో ఇదొకటి అవ్వడానికి అవకాశం ఉంది. పోషకాలు, ఆక్సిజన్ అందించడం ఒక్కటే తల్లి పని అనుకునే పాత చిత్రానికి ఇది చాలా ముఖ్యమైన చేర్పు.

దీనికి గట్టి సపోర్ట్ ఇచ్చిన ప్రయోగం 2008లో వచ్చింది. వీఐపీ జీన్ ఒక కాపీ లేని ఆడ చిట్టెలుకల్ని మామూలు మగవాటితో జత కట్టించారు, పుట్టిన పిల్లల్లో కొన్నిటికి జీన్ రెండు కాపీలూ బాగానే ఉన్నాయి. అయినా సరే తల్లిలో లోపం ఉంటే ఆ పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, తోటి ఎలుకలతో కలిసే తీరులో తేడాలు కనిపించాయి. పిల్ల జీన్ బాగుంది, తేడా మాత్రం వచ్చింది, కాబట్టి ఇక్కడ చూడాల్సింది తల్లి జీన్.

కణం లోపల ఏం జరుగుతోంది

వీఐపీ కలిపిన పిండాల్లో న్యూరోఎపిథీలియం కణాల సైకిల్‌ని కొలిస్తే, డీఎన్‌ఏ కాపీ అయ్యే ఎస్ ఫేజ్ దాదాపు సగానికి, దానికి ముందుండే జీ1 ఫేజ్ సగానికి పైగా తగ్గాయి, మిగతా రెండు ఫేజ్‌లు మారలేదు. కణాలు చావకుండా కాపాడటం ఒక్కటే అయితే సైకిల్ ఇలా కుదించుకుపోదు, కాబట్టి వీఐపీ నిజంగా స్పీడ్ పెంచుతోందని తేలింది.

2011లో దీనికి ఒక పెద్ద లింక్ దొరికింది. మనుషుల్లో పుట్టుకతోనే తల చిన్నగా ఉండే జబ్బు, ప్రైమరీ మైక్రోసెఫలీ, దానికి కారణమయ్యే జీన్లలో ఎంసీపీహెచ్1 ఒకటి, ఇది చెక్‌1 అనే ఇంకో ప్రొటీన్‌తో కలిసి కణం డివైడ్ అయ్యే ముందు డీఎన్‌ఏ సరిగ్గా ఉందో లేదో చూసుకునే ఏర్పాట్లో పని చేస్తుంది. చిట్టెలుకల్లో వీఐపీని అడ్డుకుంటే ఈ రెండూ తగ్గిపోయాయి, సైకిల్ సాగిపోయింది, మూలకణాలు టైమ్ కన్నా ముందే న్యూరాన్లుగా మారిపోవడం మొదలెట్టాయి. ఇలా తొందరపడి మారడం మంచిదేమో అనిపించొచ్చు కానీ కాదు, న్యూరాన్ అయిన కణం మళ్ళీ డివైడ్ అవ్వదు, మూలకణాలు ముందే ఖర్చైపోతే మొత్తం సంఖ్య తగ్గుతుంది, మెదడు చిన్నదవుతుంది. ఇక్కడ పనిచేసిన రిసెప్టర్ వీపీఏసీ1 అని అదే పరిశోధన చెప్పింది.

ఇంకో దారి కూడా ఉంది. వీఐపీ కొన్ని కణాల చేత ఇంకో పదార్థం విడుదల చేయిస్తుంది, దాని పేరు ఏడీఎన్‌ఎఫ్, పిండం సీసాలో దానికి యాంటీబాడీ వేస్తే వీఐపీ వల్ల వచ్చే ఎదుగుదల ఆగిపోయింది, అంటే వీఐపీ పనిలో కనీసం కొంత ఇంకొకరి చేత చేయించేదే. దీని వెంటే వెళ్తూ 1999లో ఏడీఎన్‌పీ అనే ప్రొటీన్ జీన్‌ని పట్టుకున్నారు, ఇది వీఐపీకి స్పందించే జీన్. 2003లో చిట్టెలుకల్లో ఈ జీన్ రెండు కాపీలూ తీసేస్తే తల వైపు న్యూరల్ ట్యూబ్ మూసుకోలేదు, పిండాలు 8.5, 9.5 రోజుల మధ్యే చనిపోయాయి. ఏడీఎన్‌పీ కణం కేంద్రకంలో చాలా జీన్ల మీద ప్రభావం చూపే ప్రొటీన్, వీఐపీ దాన్ని కదిలించే వాటిలో ఒకటి మాత్రమే, కాబట్టి ఏడీఎన్‌పీ లేకపోతే వచ్చే ప్రతి సమస్యనీ వీఐపీ ఖాతాలో వేసేయకూడదు.

పాక్యాప్ ఎందుకు ఎదురు తిరుగుతుంది

వీఐపీ స్పీడ్ పెంచితే, దాదాపు అలాగే ఉండే పాక్యాప్ కూడా పెంచాలి కదా అనిపిస్తుంది. 1997లో ర్యాట్ పిండం కార్టెక్స్ నుంచి తీసిన మూలకణాల్లో చూస్తే సరిగ్గా ఉల్టా, ఆ కణాలే పాక్యాప్‌ని విడుదల చేసి తమ డివిజన్‌ని తామే ఆపుకుంటున్నాయి. 2001లో ప్లేట్‌లో కాకుండా నేరుగా పిండం మెదడులోకే ఇచ్చి చూసినా అదే ఫలితం. 1998లో చిట్టెలుక 10.5వ రోజు న్యూరల్ ట్యూబ్‌లో చూసింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది, పాక్యాప్ జీన్ పనిచేస్తున్నది అప్పుడప్పుడే న్యూరాన్లు అవుతున్న కణాల్లో, రిసెప్టర్ ఉన్నది ఇంకా డివైడ్ అవుతున్న లోపలి వరస మూలకణాల్లో. అంటే న్యూరాన్ అయిపోయినవి వెనక వాటికి ఇక ఆగండి అని కబురు పంపే ఏర్పాటులా ఉంది.

ఆగడం ఎలా జరుగుతుందంటే, పాక్యాప్ కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే చిన్న పదార్థాన్ని పెంచుతుంది, దాంతో పీకేఏ అనే ఎంజైమ్ లేస్తుంది, మూలకణాల్ని డివైడ్ అవ్వమని చెప్పే సోనిక్ హెడ్జ్‌హాగ్ సిగ్నల్‌ని ఆ పీకేఏ అణిచేస్తుంది. చిన్నమెదడు కణాల్లో కూడా ఇదే కనిపించింది. హెడ్జ్‌హాగ్ సిగ్నల్ అదుపు తప్పడం మెడుల్లోబ్లాస్టోమా అనే పిల్లల మెదడు ట్యూమర్‌కి ఒక కారణం, ఆ ట్యూమర్ వచ్చే రకం చిట్టెలుకల్లో పాక్యాప్ తగ్గిస్తే ట్యూమర్లు ఇంకా ఎక్కువయ్యాయి.

అయితే పాక్యాప్ అంటే ఎప్పుడూ ఆపేదే అని కూడా అనలేం. దాని సొంత రిసెప్టర్ పీఏసీ1, ఇది పాక్యాప్‌ని వీఐపీ కన్నా కనీసం వంద రెట్లు గట్టిగా పట్టుకుంటుంది, ఈ ఒక్క జీన్ నుంచే కణం రకరకాల రిసెప్టర్లు తయారుచేస్తుంది, మధ్యలో హాప్ అనే చిన్న ముక్క పెట్టీ, పెట్టకుండా. హాప్ లేని రకం ప్రధానంగా సైక్లిక్ ఏఎంపీ దారిలో వెళ్తుంది, హాప్ ఉన్నది దాంతోపాటు కాల్షియం దారిని కూడా గట్టిగా లేపుతుంది. కార్టెక్స్ మూలకణాల్లో మామూలుగా ఉండేది హాప్ లేని రకం, 2001లో వాటిలోకి హాప్ ఉన్న రకాన్ని ఎక్కిస్తే అదే పాక్యాప్ అదే కణాల్ని డివైడ్ చేయించడం మొదలెట్టింది. పెప్టైడ్ మారలేదు, వినే రిసెప్టర్ మారింది, అర్థం తల్లకిందులైంది. ఈ పెప్టైడ్ మంచిది, ఆ పెప్టైడ్ చెడ్డది అని లిస్టులు రాయడం ఎందుకు తప్పో చెప్పడానికి ఈ ఒక్క ప్రయోగం చాలు.

జీన్ తీసేస్తే ఏమీ కాలేదంటారు, మరి?

చాలామందికి వచ్చే డౌట్ ఇది. వీఐపీ జీన్ లేని చిట్టెలుకలు బతుకుతాయి, నిద్ర మెలకువల గడియారం గతి తప్పడం వాటిలో బాగా కనిపించిన తేడా. పాక్యాప్ లేనివాటిలో చాలా పిల్లలు పుట్టిన తొలి వారాల్లో చనిపోతాయి, బతికినవి విపరీతంగా అటూ ఇటూ తిరుగుతుంటాయి, కానీ మెదడు ఆకారం పైకి పెద్దగా చెడిపోయినట్టు ఉండదు. మందుతో ఆపితే తల చిన్నదైంది, జీన్ తీసేస్తే అంత కాలేదు, ఏది నమ్మాలి?

రెండూ నమ్మొచ్చు, ఎందుకంటే అవి అడుగుతున్న ప్రశ్నలు వేరు. మొదటిది, జీన్ లేని పిల్లల్ని మామూలుగా ఒక కాపీ ఉన్న తల్లుల నుంచే పుట్టిస్తారు, ఆ తల్లి రక్తంలో వీఐపీ ఉంది, అది పిండానికి అందుతోంది, కాబట్టి పిల్లలో జీన్ లేకపోయినా ఆ కీలకమైన రోజుల్లో కొరత పూర్తిగా రాదు. రెండోది, వీఐపీ లేకపోతే వీపీఏసీ1 మీద పాక్యాప్ కూడా పని చేయగలదు, ఆ రిసెప్టర్‌కి రెండూ దాదాపు సమానమే. మందు మాత్రం రిసెప్టర్ దగ్గరే కూర్చుంటుంది కాబట్టి ఎవరు వచ్చినా లోపలికి రానివ్వదు. మూడోది, జీన్ మొదటి నుంచీ లేకపోతే పిండం సర్దుకోడానికి టైమ్ దొరుకుతుంది, 9వ రోజు ఉన్నట్టుండి ఆపేస్తే ఆ టైమ్ ఉండదు. ఈ మూడిట్లో తల్లి సంగతే చాలా పేపర్లలో ఒక లైన్‌తో సరిపెట్టేస్తారు, నిజానికి తల్లి జీనోటైప్, అంటే తల్లిలో ఆ జీన్ ఎన్ని కాపీలు ఉన్నాయో, రాయని నాకౌట్ (జీన్ తీసేసి చూసే) ప్రయోగాన్ని తొలి మెదడు విషయంలో సగం ప్రయోగంగానే చూడాలి.

మనుషుల దాకా ఎంత వస్తుంది

మైక్రోసెఫలీ అనే మాట మామూలు జనాలకి తెలిసింది 2015, 2016లో బ్రెజిల్‌లో జికా వచ్చినప్పుడు. అక్కడ వైరస్ నేరుగా మెదడు మూలకణాల్లోకి దూరి చంపుతుంది, ఇక్కడ చెప్పుకున్న దారి వేరు, కణాలు చావకుండానే స్పీడ్ తగ్గి, ముందే న్యూరాన్లై సంఖ్య పడిపోవడం. చివరికి కనిపించే చిన్న తల ఒకటే అయినా కారణాలు ఒకటి కావు.

ఎంసీపీహెచ్1 లోపాన్ని 2002లో పాకిస్తాన్ మూలాలున్న కుటుంబాల్లో గుర్తించారు, దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు ఎక్కువగా ఉన్న చోట ఇలాంటి జబ్బులు ఎక్కువ కనిపిస్తాయి, ఎందుకంటే జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ పాడైనవే రావాలి. మన దగ్గర మేనరికాలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇది తెలుగు కుటుంబాలకి కూడా సంబంధించిన విషయమే, ఇంట్లో ఒక బిడ్డకి ఇలా ఉంటే తర్వాతి బిడ్డ ముందు జెనెటిక్ కౌన్సెలింగ్ తీసుకోవడం నిజంగా ఉపయోగపడుతుంది, అందులో ఎవర్నీ తప్పుపట్టాల్సింది లేదు.

ఏడీఎన్‌పీ వైపు 2014లో పది మందిలో కొత్తగా వచ్చిన మ్యుటేషన్లు దొరికాయి, ఆటిజం లక్షణాలు, తెలివితేటల ఎదుగుదలలో ఆలస్యం ఉన్న పిల్లలు, చాలామందికి పాలపళ్ళు కూడా బాగా ముందే వస్తాయి. వీళ్ళలో ఒక కాపీ బాగానే ఉంటుంది కాబట్టి చిట్టెలుక నాకౌట్‌లోలా ట్యూబ్ మూసుకోకపోవడం ఉండదు. ఇక ఏడీఎన్‌పీలోంచి తీసిన ఎనిమిది అమైనో ఆమ్లాల ముక్క, న్యాప్, ఇంకో చిన్న పెప్టైడ్‌తో కలిపి ఇస్తే, 8వ రోజు ఆల్కహాల్ ఇచ్చిన గర్భిణి చిట్టెలుకల్లో పిండాల మరణాలు తగ్గాయని 2001లో వచ్చింది. అదే న్యాప్‌ని డావునెటైడ్ పేరుతో పెద్దవాళ్ళలో పీఎస్‌పీ అనే మెదడు జబ్బు మీద పరీక్షించారు, 2014లో వచ్చిన ఫలితంలో అది పని చేయలేదు. చిట్టెలుకలో బాగుంది అన్న వార్తకీ మందుకీ మధ్య దూరం ఇంత ఉంటుంది.

ఈ మధ్య పెప్టైడ్ ఇంజెక్షన్ల గురించి ఆన్‌లైన్‌లో చాలా ప్రచారం నడుస్తోంది, మెదడుకి మంచిది అని కూడా అమ్ముతున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళు, ప్లాన్ చేస్తున్నవాళ్ళు వాటి జోలికి వెళ్ళకూడదు, ఎందుకంటే తల్లి రక్తంలో ఉన్న పెప్టైడ్ పిండం దాకా వెళ్ళగలదని, అక్కడ ఏ రిసెప్టర్ ఉంటే ఆ పని చేస్తుందని పైన ప్రయోగాలే చూపించాయి. మనిషి పిండంలో న్యూరల్ ట్యూబ్ దాదాపు 28వ రోజుకే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి గర్భం వచ్చిన సంగతే తెలియదు. ఆ రోజుల కోసం గట్టి రుజువు ఉన్నది ఫోలిక్ యాసిడ్‌కే, రోజుకి 400 మైక్రోగ్రాములు, గర్భం రాకముందు నుంచే మొదలుపెట్టాలి, ఇంతకుముందు బిడ్డకి న్యూరల్ ట్యూబ్ సమస్య వచ్చి ఉంటే డోసు ఎక్కువ ఉంటుంది కాబట్టి ముందే డాక్టర్‌ని అడగాలి.